ఎడారి చెట్టుకు పెట్టిన పేరు

చదువవలసిన భాగములు: యిర్మీయా 16:1–2, 17:5–8, కీర్తన 102, యెషయా 56:3–5

సూరతు పట్టణము నీళ్లకు మొగము వాచిన ఊరు కాదు. తపతీ నది దాని ప్రక్కగా పారి అరేబియా సముద్రమున కలియును. 2006వ సంవత్సరము ఆగస్టు మాసమున ఉకాయ్ జలాశయము నుండి విడిచిన నీరు పట్టణమును ముంచివేసినప్పుడు జనులు మేడల మీద చిక్కుకొని, చుట్టూ నీరే యుండగా త్రాగునీటికై ఎదురుచూచిరి. అట్టి ఊరిలో నివసించువారికి ఎడారిని గూర్చిన వాక్యము దూరపు సంగతివలె తోచును. అయితే నది ఒడ్డున కాపురముండియు ఎండిపోయిన హృదయములు కలవని అక్కడి తెలుగు సంఘములకు తెలియనిది కాదు.

తెలంగాణ ప్రాంతపు నేతపనివారు, ముఖ్యముగా పద్మశాలీలు, తరములుగా సూరతునకు వలస పోవుచున్నారు. వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు మరునాడు తపతి ఒడ్డున దిగును. లింబాయత్, ఉధనా ప్రాంతములలో సాంచాల మోత రాత్రింబవళ్లు ఆగదు. పన్నెండు గంటల పగటి పాళీ ముగియగానే పన్నెండు గంటల రాత్రి పాళీ మొదలగును. కూలి మీటరు లెక్కన వచ్చును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమములో సైతము బడులు నెలకొల్పవలసి వచ్చినంతగా వారు అక్కడ వర్ధిల్లిరి. సువార్త విషయములోనూ ఈ రెండు ప్రాంతములకు ఒక పాత బంధుత్వము కలదు. 1805లో విశాఖపట్టణమున పని ఆరంభించిన లండన్ మిషనరీ సొసైటీయే పది సంవత్సరములకు సూరతునకు వచ్చి, స్కిన్నర్, ఫైవీ అను దొరల చేత గుజరాతీ బైబిలును సిద్ధపరచెను. తెలుగువాడు సూరతులో వాక్యము తెరచునప్పుడు పరాయి యింట తెరచుట లేదు.

ఆ పట్టణములోని ఒక చిన్న తెలుగు సహవాసములో కరీంనగర్ జిల్లా నుండి వచ్చిన దంపతులుండిరి. భర్త సాంచాల మీద పనిచేయువాడు. భార్య ఇంటి యొద్ద చీరలకు కుచ్చులు కట్టుచు నాలుగు రూపాయలు సంపాదించుకొనునది. ఆదివారము ఆరాధనలో ఆమె ఎప్పుడును తలుపు ప్రక్కనే కూర్చుండెడిది. పాటలు పాడెడిది, కానుక వేసెడిది. సంఘపు విందులో అందరికంటె ముందు వచ్చి బియ్యము ఏరి, అందరికంటె వెనుక గిన్నెలు కడిగి పోయెడిది. కాని ప్రార్థన చేయుమని యెవరైన అడిగినయెడల తల అడ్డముగా త్రిప్పెడిది. అది వినయమని అందరును అనుకొనిరి.

అది వినయము కాదు. పదునారు సంవత్సరముల క్రిందట ఆ పేటలో జరిగిన ఉజ్జీవ కూటములకు పైనుండి ఒక బోధకుడు వచ్చియుండెను. పెండ్లియై ఏడేండ్లయినను సంతానము లేనందున ఈ దంపతులు ప్రార్థన చేయించుకొనుటకు ముందునకు వెళ్లిరి. ఆయన యిర్మీయా గ్రంథము పదునేడవ అధ్యాయము తెరచి, ఇది అరుహా వృక్షపు శాపమనియు, వారిలో దాచియుంచిన పాపమేదో కలదనియు, దానిని ఒప్పుకొనువరకు ఆ చెట్టునకు ఆకు వేయదనియు సభలో పలికెను. ఆ బోధకుని ఉద్దేశము చెడ్డదని చెప్పుటకు లేదు. మరునాడు ఆయన తన రైలెక్కి వెళ్లిపోయెను. ఆయన పెట్టిన పేరు మాత్రము లింబాయత్‌లోని ఒక యింట నిలిచిపోయెను. ఆ స్త్రీ దాచిన పాపము కొరకు పదునారేండ్లు తన్ను తాను వెదకికొనెను. దొరకిన చిన్న చిన్న తప్పులన్నియు ఒప్పుకొనెను. ఆకు వేయలేదు. ఇక దేవునితో మాటలాడుటకు తన కేమి అర్హతయని ఊరకుండెను.

ఉత్తరాయణపు పండుగకు సూరతు ఆకాశమంతయు గాలిపటములతో నిండును. సాంచాలకు రెండు దినములు సెలవు దొరకును. ఒక సంవత్సరము ఆ సెలవులకు మరి రెండు దినములు చేర్చుకొని, సహవాసమువారు ఇరువది మందికి పైగా కచ్ఛ్ ఎడారిని చూచుటకు రైలులో భుజ్ పట్టణమునకు బయలుదేరిరి. వారికి నాయకుడు సహవాసపు పెద్ద. ఆయన పూర్వము ఊరి పాఠశాలలో ప్రకృతి శాస్త్రము బోధించి, విశ్రాంతి తీసికొన్న పిమ్మట కుమారుని యొద్దకు సూరతు వచ్చినవాడు. అందరును ఆయనను సారు అనియే పిలుతురు.

భుజ్ నుండి ఉత్తరముగా కాళో డుంగర్, అనగా నల్లకొండ, వైపు జీపులు సాగుచుండగా వారు మొదట చూచినది తెల్లని రణ్ కాదు, చెట్లు. అవి చెట్లని చెప్పుటకు నోరు రాలేదు. రాతి వాలుల మీద గుంపులు గుంపులుగా, ఒక్కొక్కటి మనుష్యుని కంటె ఎత్తుగా, మొదలొక్కటియే నుండి వందల కొమ్మలు దీపస్తంభము వలె పైకి లేచి నిలిచియుండెను. ఒక్క ఆకు లేదు. కొమ్మల నిండ జంట ముండ్లు. అయినను ఆ కొమ్మలు పచ్చగా నుండెను. వాని కొనల యందు మినుపగింజలంతేసి ఎర్రని పూలుండెను. జీపులు ఆపించి అందరును దిగిరి. పిల్లలు కేరింతలు కొట్టిరి. సాంచాల గదిలో పగలు తెలియక, రాత్రి తెలియక బ్రతుకువారు తలలు పైకెత్తి చూచుచు నిలువబడిరి.

“ఎంత పెద్ద బ్రహ్మజెముడు!” అని ఒక యువకుడు కొమ్మ విరిచెను. విరిగిన చోట పాలు బొటబొట కారెను. జీపు నడుపు కచ్ఛీ మనుష్యుడు పరుగున వచ్చి, చేయి కంటికి తగలనీయవద్దని గట్టిగా అరచి, సీసాలోని నీళ్లు పోసి అతని చేయి కడిగించెను. ఆ పాలు కంటిలో పడినయెడల చూపునకే ప్రమాదము. “ఇది థోర్” అని అతడు చెప్పెను.

అప్పుడు సారు, పాఠశాల విడిచి ఎన్నేండ్లయినను పాఠము విడువని వాడు గనుక, వారిని చుట్టూ నిలువబెట్టి చెప్పసాగెను. చూపునకు జెముడు వంటివి లోకములో అనేకములు కలవు గాని అసలైన కాక్టస్ జాతి ఒకే ఒక్క మొక్క తప్ప అంతయు అమెరికా ఖండములకు చెందినది. ఊరి కంచెలలో కనబడు నాగజెముడు, గుజరాతీలు చేతి ఆకారమును బట్టి హాథ్లో థోర్ అనునది, ఓడల మీద ఈ దేశమునకు వచ్చినది. వారి యెదుటనున్న ఈ థోర్ మాత్రము ఈ నేలదే. ఇది మన కాడజెముడుకు, ఆకుజెముడుకు చుట్టము. గిల్లిన పాలు కారుట దాని గురుతు. ఎండ, కరవు, పశువుల నోరు ఈ మూటిని ఎదుర్కొనుటకు వేరు వేరు ఖండములలో వేరు వేరు కుటుంబముల మొక్కలు ఒకే అంగీని తొడిగికొనెను. అంగీని చూచి కులగోత్రములు చెప్పువాడు మోసపోవును.

ఈ మోసము వలన ఒకప్పుడు గొప్ప నష్టమే జరిగెను. వస్త్రములకు ఎరుపు వేయు రంగు మెక్సికో దేశమున నాగజెముడు మీద బ్రతుకు ఒక పురుగు నుండి లభించెడిది. ఆ రంగు కొరకు ఈస్టిండియా కంపెనీవారు ఎంతో ఆశపడుచుండగా 1795లో నీల్సన్ అను కెప్టెన్ బ్రెజిల్ దేశము నుండి ఆ పురుగనుకొని వేరొక పురుగును కలకత్తాకు తెచ్చెను. తెచ్చినది దాని చుట్టమే గాని అది కాదు. కోరిన రంగు దాని నుండి రాలేదు సరికదా, అది ఉత్తర, మధ్య భారతములలో ఒక జాతి నాగజెముడును తిని తుడిచిపెట్టెను. కలుపు మొక్కను పురుగు చేత నిర్మూలించుటకు లోకములో మొదటి ఉదాహరణముగా శాస్త్రజ్ఞులు దానిని ఇప్పుడు చెప్పుకొందురు. ఇంత జరిగినది పోలికను చూచి పేరు పెట్టినందుననే. రంగు అద్దకపు ఊరివారు గనుక సూరతు పడుచువాండ్రు ఈ కథను ఇష్టముగా వినిరి. కుచ్చులు కట్టు ఆ స్త్రీ కొంచెము ఎడముగా నిలిచి వినుచుండెను.

సాయంకాలము కొండ మీది నుండి రణ్‌ను చూచిరి. వానకాలమున సముద్రపు నీరు, నదుల నీరు ఆ పల్లమున నిలిచి, పిమ్మట ఎండిపోగా మిగిలిన ఉప్పు కనుచూపు మేర తెల్లగా పరచుకొనియుండెను. ఒక పురుగు లేదు, ఒక పిట్ట లేదు. యిర్మీయా చెప్పిన చవిటినేల ఇట్టిదే గదా యని సారు మనస్సున తోచెను. కాబట్టి రాత్రి బస యొద్ద మంట చుట్టు కూర్చున్నప్పుడు ఆయన పదునేడవ అధ్యాయము తెరచెను. నరుని ఆశ్రయించువానిని గూర్చిన అయిదవ వచనమును, ఎడారి పొదను గూర్చిన ఆరవ వచనమును చదువునప్పటికి ఆ స్త్రీ లేచి వెలుతురు దాటి చీకటిలోనికి నడచిపోయెను.

భర్త వెంటనే లేవలేదు. కొంతసేపు మంట వైపు చూచి, “సారూ, ఆ మాట ఆమెకు పదహారేండ్ల కింద ఒకాయన చెప్పిపోయిండు. అప్పటి సంది ఆ పేజీ తెరవదు. మీరు చదవంగ వినలేకనే పోయింది” అని చెప్పి ఆమె వెనుక వెళ్లెను.

సారు గ్రంథమును మూయలేదు, చదువనూ లేదు. తాను కూడ ఆ వచనమును ఎన్నియో మారులు ఆ విధముగనే బోధించియుంటినని ఆయన అందరి యెదుట ఒప్పుకొనెను. పగలు చెట్టు పేరు తప్పు చెప్పిన కుర్రవానిని దిద్దినవాడు తన తప్పును దిద్దికొనక ఎట్లు నిదురించును? ఆయన ఆ దంపతులను పిలుచుకొని రమ్మని ఇద్దరు స్త్రీలను పంపెను. వారు వచ్చి చాప కొనను కూర్చున్న పిమ్మట, మంట ఎగద్రోసి, ఆ వాక్యభాగమునే మరల మొదటి నుండి పరిశీలింప మొదలిడెను.

ఆ భాగములో చెట్లు రెండు కలవు, ఎండ ఒక్కటే. దీనిని చదువరులు తరచుగా దాటిపోవుదురు. దీవెన నొందినవాడు నీళ్ల యొద్ద నాటబడిన చెట్టు వంటివాడని చెప్పి, ఆ చెట్టునకు ఎండ తగలదని ప్రవక్త వ్రాయలేదు. వేడిమి వచ్చుననియు, వాన లేని సంవత్సరము వచ్చుననియు స్పష్టముగా వ్రాసెను. ఆ చెట్టు అప్పుడు భయపడదు, అంతే. కరవు శాపమునకు గురుతైనయెడల ఎనిమిదవ వచనములోని చెట్టు కూడ శపింపబడినదే కావలెను. ఎండు దినములు వచ్చుటలో ఈ రెంటికి భేదము లేదు.

మరి భేదమెక్కడ? శాపమునకు కారణము అయిదవ వచనములోనే కలదు: హృదయము యెహోవాను విడిచి నరుని మీద ఆనుకొనుట. ఆ ఆనుకొనుట యొక్క ఫలితము ఆరవ వచనములో చెప్పబడెను: మేలు వచ్చినప్పుడు అది అట్టివానికి కానరాదు. పొదకు వాన రాదని కాదు, వచ్చినది కనబడదు. ఆ కాలమున యూదా రాజులు ఐగుప్తు గుఱ్ఱములను నమ్ముకొని, ప్రవక్త మాటను లక్ష్యపెట్టకుండిరి. ఆ మాట వారికి చెప్పబడెను. బిడ్డ కొరకు కన్నీళ్లతో దేవుని సన్నిధికి వచ్చిన స్త్రీకి చెప్పబడలేదు. ఆమె యెవరి మీద ఆనుకొని వచ్చెను? శపింపబడినవాడు ఆ పొద వంటివాడని వాక్యము చెప్పుచున్నది గాని ఆ పొదను పోలియున్నవారందరు శపింపబడినవారని చెప్పుట లేదు. దొంగ రాత్రి వచ్చును. రాత్రి వచ్చినవారందరు దొంగలగుదురా? రాత్రి పాళీ చేసి ఇల్లు చేరువారే అక్కడ సగము మంది కూర్చుండిరి గనుక ఈ మాట వారికి బాగుగా తెలిసెను.

పిమ్మట సారు, తన సంచిలోని వ్యాఖ్యానమును చూచి, ఆ పొద పేరును గూర్చి చెప్పెను. తెలుగు బైబిలులో అరుహా వృక్షమనునది హెబ్రీ భాషలో అర్ఆర్ అను మాట. దిగంబరముగా, ఏమియు లేక నిలుచుట దాని భావము. అది ఏ మొక్కయో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఎడారిలో పెరుగు జూనిపర్ యని కొందరు, మరియొక పొదయని కొందరు చెప్పుదురు. జెముడు మాత్రము కాదు; యిర్మీయా జీవితములో కాక్టస్‌ను చూచియుండడు. అయితే అదే మాట, అవే అక్షరములతో, నూట రెండవ కీర్తన పదునేడవ వచనములో మరల కనబడును. అక్కడ అది చెట్టు కాదు, మనుష్యుడు: దిక్కులేనివాడు. ఆ దిక్కులేనివాని ప్రార్థన వైపు యెహోవా తిరుగుననియు, దానిని త్రోసివేయడనియు ఆ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది.

ఇది విని కొందరు ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి. ఒకే మాట. ఒక చోట దానిని వినినవారు, ఇక నీకు ప్రార్థన లేదన్నట్లు ఆమెను పంపివేసిరి. మరియొక చోట అదే పేరు గలవాని ప్రార్థనను దేవుడే చెవి యొగ్గి వినుచున్నాడు. పదునారేండ్లు ఆమె మోసిన పేరు, ఆమెను దేవుని సన్నిధి నుండి వెళ్లగొట్టు పేరు కాదు. ఆ పేరుతోనే ఆమె లోపలికి రావచ్చును.

ఇంకను ఒకటి మిగిలెను. దానిని సారు చదివి వినిపింపక, ఒక యువకుని చేత వెదకించెను. పదునేడవ అధ్యాయమునకు ముందు పదునారవ అధ్యాయమున్నది. దాని రెండవ వచనములో ప్రవక్తయైన యిర్మీయాకే దేవుని ఆజ్ఞ కలదు: ఆ స్థలమందు అతడు వివాహము చేసికొనరాదు, కుమారులను గాని కుమార్తెలను గాని కనరాదు. ఎడారి పొదను గూర్చి పలికిన ఆ నోరు బిడ్డలు లేనివాని నోరు. సంతానలేమియే అరుహా వృక్షపు శాపమైనయెడల ప్రవక్త తన్ను తానే శపించుకొనెనని చెప్పవలసివచ్చును. రాత్రి యింటికి పోయి ఖాళీ గదిలో దీపము పెట్టుకొను మనుష్యుడు ఆ మాట పలికెను. అతడు ఎవరికి అది చెప్పెనో, ఎవరికి చెప్పలేదో అతనికి తెలియును.

ఎడారి పొదలను వాక్యము ఏవగించుకొనలేదు. హాగరు తన బిడ్డను పరుండబెట్టినది ఒక పొద క్రిందనే. దేవదూత స్వరము అక్కడికే వచ్చెను. ఏలీయా చావు కోరుకొని పండుకొనినది బదరీవృక్షము క్రింద. రొట్టె, నీళ్లు అక్కడికే వచ్చెను. మోషే చెప్పులు విడిచినది దేవదారు చెట్టు నెదుట కాదు. ఇక యెషయా యాబదియారవ అధ్యాయములో, సంతానము కనలేని నపుంసకుడు తాను ఎండిన చెట్టునని అనుకొనుటకు దేవుడు సెలవీయలేదు. కుమారులకంటెను కుమార్తెలకంటెను మేలైన పేరును తన మందిరములో అతనికి ఇత్తునని వాగ్దానము చేసెను. మనుష్యుడు తనకు తానే పెట్టుకొనగూడదని దేవుడు నిషేధించిన పేరును, ఒక బోధకుడు వేరొకరికి పెట్టుట ఎంతటి సాహసము!

ఆ రాత్రి ఎవరును ఆ స్త్రీని ప్రార్థన చేయుమని అడుగలేదు. అది మంచిదే. కొన్ని తలుపులు తట్టనప్పుడే తెరచుకొనును.

తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చి సారు వెలుపలికి రాగా భార్యాభర్తలు కొండ వాలున ఒక పెద్ద థోర్ పొద యొద్ద వంగి ఏదో చూచుచుండిరి. ముండ్ల నడుమ, మేకల నోరు చేరని చోట, వేరొక లేత మొక్క పెరుగుచుండెను. దాని ప్రక్కనే ఒక తీగ థోర్ కొమ్మల మీదికి ఎగబ్రాకియుండెను. బయట అంతయు బీడు, లోపల పచ్చదనము. ఆ పొద తనకు తాను ముండ్లు పెంచుకొనెనని చూచువారు అనుకొందురు గాని, ఆ ముండ్ల చాటున ఎన్ని ప్రాణములు బ్రతుకుచున్నవో వంగి చూచినవారికే కనబడును.

సారు తమ్ముని కుమారుడు అమెరికాలో అరిజోనా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అక్కడి సాగ్వారో అను మహా కాక్టస్ చిత్రములను అతడు పంపగా సారు వానిని గూర్చి శ్రద్ధగా చదివియుండెను. అది నలువది అడుగుల ఎత్తు పెరుగును, నూట యేబది సంవత్సరములకు పైగా బ్రతుకును. కాని మొదటి ఎనిమిదేండ్లలో అది పెరుగునది అంగుళము, అంగుళమున్నర మాత్రమే. ఆ పసితనములో మరియొక చెట్టు నీడ లేనిదే అది బ్రతుకజాలదు. ఎండ నుండియు, మంచు నుండియు కాపాడు ఆ చెట్టును అక్కడివారు దాదిచెట్టు అందురు. మొదటి కొమ్మ వేయుటకు యాబది, డెబ్బది యేండ్లు పట్టును. నలువదేండ్ల సాగ్వారోను చూచి ఇది కొమ్మ వేయని చెట్టని ఎవడైన తీర్పు తీర్చినయెడల వాడు తొందరపడినవాడగును. దాని కాండమునకు మడతలుండును. వాన పడినప్పుడు ఆ మడతలు విచ్చుకొని నీటిని నింపుకొనును, కరవులో ముడుచుకొనును. వడ్రంగిపిట్ట దాని కండలో తొలిచిన గాయము చుట్టు అది గట్టి పెంకును కట్టుకొనును. ఆ గాయపు తొఱ్ఱలో పిట్ట పిల్లలు పెరుగును. పిట్ట విడిచిపోయిన పిమ్మట పిడికెడంత గుడ్లగూబ వచ్చి కాపురముండును.

అన్నిటికంటె విచిత్రమైన సంగతి ఒకటి కలదు. అది థోర్‌కును సాగ్వారోకును సమానము. తక్కిన చెట్లు పగటివేళ తమ సూక్ష్మరంధ్రములను తెరచి గాలిని పీల్చును. ఇవి పగలు నోరు తెరచినయెడల ఉన్న తడి యంతయు ఆవిరియై పోవును. కావున దినమంతయు మూసికొనియుండి, చీకటి పడి చల్లబడిన పిమ్మట తెరచి, మరునాటికి కావలసినది అప్పుడు పుచ్చుకొనును. పగటివేళ చూచినవానికి అవి ఊపిరి లేనివి. సారు ఇది చెప్పుచుండగా ఆ నేతకాడు మొదటిసారిగా నోరు తెరచి, రాత్రి పాళీలో సాంచాల మోతకు ఒకని మాట ఒకనికి వినబడదు గనుక తాను అప్పుడే గట్టిగా ప్రార్థన చేసికొందునని చెప్పెను. ఆదివారము ఆరాధనలో అతడు కునుకు తీయుచుండగా చూచి విసుగుకొన్నవారిలో సారు ఒకడు.

లింబాయత్‌లోని వారి ఇల్లు ఒకటే గది. కరీంనగర్, వరంగల్లు పల్లెల నుండి కొత్తగా వచ్చిన కుర్రవాండ్రు పని దొరకువరకు, గది దొరకువరకు ఆ గోడ ప్రక్కననే చాపలు పరచుకొనెడివారు. అట్లు ఎందరు వచ్చిరో, ఎందరు వెళ్లిరో ఆమె లెక్క పెట్టుకొనలేదు. 2020వ సంవత్సరము మార్చిలో దేశమంతయు మూతబడి సాంచాలు ఆగిపోయినప్పుడు ఊరికి పోవు దారి లేక ఆ గదిలోనే ఆరుగురు చిక్కుకొనిరి. ఆ వారములలో ఆమె చెవుల కమ్మలు కుదువకు పోయెను. ఆరుగురిలో నలుగురు ఇప్పుడు అదే సహవాసములోని సభ్యులు. వారే ఆ ఉదయము జీపుల యొద్ద సామాను సర్దుచుండిరి. ఈ సంగతి సంఘములో అందరికిని తెలిసినదే. తెలిసియు, ఆమెను పిల్లలు లేని ఆమె యని గురుతు చెప్పుటకు ఎవరికిని అడ్డము రాలేదు.

సారు ఆ లేత మొక్కను, ఆమెను మార్చి మార్చి చూచెను గాని పోలిక చెప్పలేదు. ఆమెయే కొంతసేపటికి, “దీనికింద వానకాలంల ఇంకెన్ని మొలుస్తయో” అనెను.

తిరుగు ప్రయాణములో రైలు గాంధీధామ్ దాటిన పిమ్మట ఆమె తన చోటు నుండి లేచి వచ్చి సారు యెదుటి బల్ల మీద కూర్చుండెను. ఆమె చదువు మూడవ తరగతితో ఆగినది. నూట రెండవ కీర్తన ఎక్కడనో చూపుమని అడిగెను. ఆయన పుట తీసి పదునేడవ వచనము మీద ఆమె వ్రేలు పెట్టించెను. ఆమె అక్షరము అక్షరము కూడబలుకుకొని చదివెను.

“ఆ మాట వాళ్ల భాషల ఎట్లంటరు సారూ? మల్లొకసారి చెప్పుండ్రి.”

“అర్ఆర్, అమ్మా.”

ఆమె పెదవులు కదలెను. ఆ మాటను పలుకుచున్నదో, దాని వెనుక మరి యేమైన చెప్పుకొనుచున్నదో రైలు చప్పుడులో వినబడలేదు. ఆయన వినుటకు ప్రయత్నింపలేదు.

సూరతులో దిగునప్పటికి మధ్యాహ్నము దాటెను. భర్తకు ఆ రాత్రి పాళీ యున్నది. ఇంటి గుమ్మము యొద్ద, ఆ ఉదయము నవజీవన్‌లో దిగిన ఇద్దరు కొత్త కుర్రవాండ్రు సంచులతో కూర్చుండి ఎదురుచూచుచుండిరి. వారి ఊరివారెవరో ఆ యింటి గురుతు చెప్పి పంపిరట. ఆమె తాళము తీసి, వారిని లోపలికి రమ్మని, ప్రయాణపు చీర మార్చుకొనకుండనే బియ్యపు డబ్బా మూత తీసి కొలువ మొదలుపెట్టెను. పొయ్యి మీద ఎసరు కాగిన పిమ్మట, అన్నము ముందు ప్రార్థన చేయుదునని తానే చెప్పి కన్నులు మూసికొనెను.